చదివే తల్లి బిడ్డకు వారాలు

మొన్న బెంగళూరు నుంచి మా మనవరాలు వచ్చి ఫోనులో ఒక ఫోటో చూపించింది. ఆఫ్రికాలో ఏదో పల్లెటూరట. ఎర్రమట్టి నేల, రేకుల కప్పు వేసిన బడి, దాని ముందు తెల్లచొక్కా వేసుకుని బిగుసుకుపోయి నిలబడ్డ ఒక కుర్రవాడు. వాడి చదువుకు తను నెలనెలా డబ్బు కడుతోందట. ఇట్లాంటివి నీకు కొత్తగా ఉంటాయి కదవ్వా అంది. కొత్తేమీ కాదే, నీలో సగం ఎత్తు కూడా లేనప్పుడే ఆ దేశపు బిడ్డ చదువుకోసం నేను కొలతలిచ్చినదాన్ని అన్నాను. ముసలిదానికి మతి తప్పిందనుకుందో ఏమో, ఫోను లోపల పెట్టేసి కాఫీ కలుపుతానని వెళ్ళిపోయింది. దానికి చెప్పకుండా మిగిలిపోయినదంతా ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను మదనపల్లెలో ఆసుపత్రి వెనకున్న మిషన్ కాంపౌండులో అవ్వా తాతల దగ్గర పెరిగాను. నాయనకు కుప్పంలో రైలు గేటు కాసే పని. ఆ గేటు పక్క కొట్టాంలో అమ్మా నాయనా ఉండేవాళ్ళు. అక్కడికి బడి దూరమని నన్ను తెచ్చి అవ్వ ఒడిలో పడేశారు. యుద్ధం అయిపోయిందన్నారు గానీ సరుకులు లెక్కకట్టి ఇచ్చే కంట్రోళ్ళు ఇంకా పోలేదు. గుడ్డ దొరకదు, కిరసనాయిలు దొరకదు, బియ్యం పండగనాడే. తెల్లారేసరికి ఆసుపత్రి నుంచి ఫినాయిలు వాసన, ఇళ్ళలోంచి సంగటి ఉడికే వాసన కలిసి వచ్చేవి. ఈనాటికీ ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఫినాయిలు వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. నవ్వుకోండి, పర్వాలేదు.

చలికాలం వస్తే అనపకాయల రోజులు. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఆడవాళ్ళంతా అరుగుల మీద చేరి ఒక్కొక్కటే పితికి తోలు తీసేవాళ్ళు. వేళ్ళ మధ్య నొక్కితే పప్పు చెంగున ఎగిరి ఎదుటివాళ్ళ మొహాన పడేది. అది మేము కావాలనే చేసేవాళ్ళం. ఆ పితికిపప్పు కూరా వేడి సంగటీ ఉంటే మా తాత దొరలను కూడా లెక్కచేసేవాడు కాదు. ఆసుపత్రి ఎద్దులబండి తోలే మనిషికి అంత ఠీవి ఎక్కడిదని అవ్వ ఎగతాళి చేసేది.

మా కాంపౌండు ఆడవాళ్ళకు ఒక అలవాటుండేది. సంగటికి పిండి తీసేటప్పుడు ముందుగా ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ ముంతలన్నీ మేము గుడి అని పిలిచే చర్చికి చేరేవి. ఆరాధన అయ్యాక గుడి ముందర ఏలం పాట. ముంతల్లోని పిండి, గుమ్మడికాయలు, చింతపండు, గుడ్లు, ఏవి వస్తే అవి. తాత ఒక కోడిపెట్టను పాడి కొని, డబ్బిచ్చేసి, కోడిని మళ్ళీ గుడికే ఇచ్చేసేవాడు. దాన్ని ఇంకొకాయన పాడి, ఆయనా ఇచ్చేసేవాడు. సాయంత్రానికి ఆ కోడి ఎక్కడిదక్కడే ఉండేది, ఊరంతా దాన్ని కొన్నట్టయ్యేది. పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే గంపలోని చెనిక్కాయలు ఖాళీ చేసే పని మా పిల్లలది. దేవుడు చూస్తాడని భయం ఉండేది గానీ, చెనిక్కాయలు కూడా ఆయనవే కదా అనుకునేదాన్ని.

ఆసుపత్రి డాక్టరు దొరసానమ్మకు ఒక చెల్లెలు ఆఫ్రికాలో ఏదో పల్లెబడిలో టీచరు. ఒకరోజు దొరసానమ్మ ఆడవాళ్ళ కూటంలో ఆ సంగతి తెచ్చింది. అచ్చేసిన పుస్తకంలాంటి తెలుగు ఆమెది. అక్కడ ఒక ఆడబిడ్డ రెండో తరగతి చదువుతోందని, ఆమెకు నా అన్నవాళ్ళు లేరని, ఎవరైనా ఆదుకోకపోతే బడి మానేయాల్సి వస్తుందని చెప్పి, ప్రార్థించమని మాత్రమే అడిగింది. మా అవ్వ ఊరుకుంటుందా. ఈసారి ముంతల డబ్బు ఆ బిడ్డకే పోవాలంది.

ఎదురింటి అత్తకు ఆ మాట నచ్చలేదు. ఆమెకు పిల్లల్లేరు. నోరు మాత్రం పదిమంది పిల్లల తల్లికున్నంత ఉండేది. ఆమె పిడికిలి తెరవడం ఎవరూ చూడలేదని మేము చెప్పుకునేవాళ్ళం. ఇక్కడే ఒక పూట తిని ఒక పూట పస్తుంటుంటే, సముద్రం అవతల వాళ్ళకు పెట్టేదేమిటని కూటంలోనే అడిగేసింది.

"మన పిలకాయలందరికీ సదువు యాడినుంచి వచ్చినాది?" అంది అవ్వ. "ముక్కూ మొగం తెలియనోళ్ళు యాడనో కూసోని పంపిస్తే వచ్చినాది. ఎంతకాలమని సెయ్యి సాపుకోని ఉండేది? ఒకసారన్నా మనమూ పెడదాం."

అత్త సణుగుతూనే ఒప్పుకుంది. ఆ క్రిస్మసుకు ఆ బిడ్డకు ఒక పావడా కూడా పంపాలని తీర్మానమైంది. ఎవరి దగ్గరో దాచిన ఎర్రపూల గుడ్డ బయటికి వచ్చింది. రెండో తరగతి అంటే ఎంత పిల్ల? నేనూ అప్పుడు రెండో తరగతే. ఇంకేముంది, నన్ను తీసుకెళ్ళి టైలరు సాయిబు ముందు నిలబెట్టారు. చదువుకునే పిల్లకని తెలిసి ఆయన కూలీ వద్దనేసి, టేపు మెడలో వేసుకుని, "కూలీ నక్కో అమ్మా. ఎదిగే బచ్చీ గదా, అడుగున మడత ఎక్కువ పెడతా" అన్నాడు. ఆ పావడా నాకు ఒకసారి వేసి చూసి, గిర్రున తిరగమని, సరిపోయిందని మెచ్చుకుని, విప్పేసి కాగితంలో చుట్టేశారు. నేను ఆ రోజు ఏడ్చిన ఏడుపుకు ఆసుపత్రిలో రోగులు కూడా లేచి కూర్చున్నారని తాత చెప్పేవాడు.

ఇక మా చిన్నమ్మ సంగతి చెప్పాలి. అవ్వకు ఆమె చిన్నకూతురు. ఏడో తరగతి పాసవగానే సదుం అనే ఊరికి ఇచ్చి పెళ్ళి చేశారు. కొన్నేళ్ళకే విషజ్వరంతో మొగుడు పోయాడు. చిన్నమ్మ చంటిబిడ్డను ఎత్తుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనికి పోయేది. మాట తక్కువ. నేను పాఠం చదువుతుంటే రాగులు విసురుతూ వినేది. పెద్ద తరగతి పిల్లలు అరుగు మీద చదువుకుంటుంటే మాత్రం పాపను చంకనేసుకుని ఏదో పనున్నట్టు అక్కడే తిరిగేది. ఎనిమిది పాసై ట్రైనింగు చేస్తే టీచరు ఉద్యోగం వస్తుందని ఆమెకు తెలుసు. నా బిడ్డకు నేనే పెట్టుకుంటాను అని అవ్వతో ఒకసారి అంది. అవ్వ ఇంకో గుప్పెడు రాగులు తిరగట్లో పోసింది.

తాత ఆలోచన వేరు. పుంగనూరులో ఒకాయన ఉండేవాడు. బడిలో బంట్రోతు, భార్య పోయింది, పిల్లలున్నారు. మంచి మనిషని అందరూ అనేవాళ్ళు. చిన్నమ్మను అతనికి ఇవ్వాలని తాత మాట కలిపాడు. అతని తల్లి మాత్రం ఒక మెలిక పెట్టింది. ముందు భర్త బిడ్డ అవ్వ దగ్గరే ఉండిపోవాలి, కోడలు ఒక్కతే రావాలి. అది అప్పట్లో అందరిళ్ళలో ఉన్న పద్ధతే, తాతకు తప్పనిపించలేదు. నేను పోతే దీనికి దిక్కెవరన్నదే ఆయన బెంగ. చిన్నమ్మ ఆ మాట విన్ననాటినుంచి పాపను నేల మీద దించడం మానేసింది. దుప్పట్లు ఉతికేటప్పుడు కూడా వీపున కట్టుకునే ఉతికేది.

మళ్ళీ చలికాలం వచ్చింది. పుంగనూరు ఆయన వచ్చి మాట ఖాయం చేసుకుని పోవాల్సిన వారం అది. ఆ ఆదివారం కూటానికి దొరసానమ్మ ఒక ఫోటో తెచ్చింది. ఆఫ్రికా నుంచి చెల్లెలు పంపిందట. ఫోటో చేతులు మారింది. అందులో ఒక ఆజానుబాహువైన ఆడమనిషి, పొట్టిజుట్టు, నవ్వుమొహం. ఆమె చెయ్యి పట్టుకుని ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల ఒంటి మీద మా ఎర్రపూల పావడా. ఫోటోలో నల్లగా కనిపించినా ఆ పూలను నేను మరిచిపోతానా.

పావడా సరిగ్గా సరిపోయిందని అందరూ సంబరపడ్డారు. పక్కనున్న పెద్దామె టీచరా అని అవ్వ అడిగింది. దొరసానమ్మ తికమకపడింది. "కాదమ్మా. మీ విద్యార్థిని ఈమెయే. ఆ పిల్ల ఈమె కుమార్తె. పావడా ఈ చిన్నదాని కొరకేనని తలచాను" అంది. భర్త పోయిన మనిషట. బిడ్డతో పాటు బడికి నడిచి వచ్చి, చిన్నపిల్లల పక్కన నేల మీద కూర్చుని రెండో తరగతి చదివిందట. ఆ ఏడు మూడులోకి వచ్చిందట కూడా.

రెండో తరగతిలో ఇంత పెద్దామె ఉంటుందని మాలో ఒక్కరికీ తోచలేదు. చదువంటే పావడాలు వేసుకునే వయసులో జరగాల్సిందేనని, బిడ్డ పుట్టాక పుస్తకం ముట్టరని మా వాళ్ళ నమ్మకం. అది అనుకునే పనికూడా లేనంత నమ్మకం. ఎదురింటి అత్తే ముందు నోరు తెరిచింది. మనం పెట్టిందంతా మొగుడు పోయిన ఆడదానికా అని. అని, తను అన్న మాట తనకే వినిపించినట్టుంది, తల తిప్పి వెనకవరసకేసి చూసింది. అందరూ చూశారు. అక్కడ చిన్నమ్మ పాపను ఎత్తుకుని నిలబడి ఉంది.

ఫోటో చివరికి ఆమె చేతికి వచ్చింది. చాలాసేపు చూసింది. నలుగురిలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి, "అమ్మా, నన్ను ఎనిమిదో తరగతిలో కూసోబెట్టండి. నేను పుంగనూరికి పోను" అంది. అవ్వతో కాదు, దొరసానమ్మతో కాదు, ఆ కూటమంతటితో అంది.

ఇంటికి వచ్చాక తాత మండిపడ్డాడు. ఆ దేశం తీరు ఆ దేశానిది, నేను మాట ఇచ్చినాను, మొగం యాడ పెట్టుకునేది అని అరిచాడు. అవ్వ పొయ్యి దగ్గరనుంచి లేవకుండానే జవాబు చెప్పింది.

"ఎవురో తెలియని ఆడబిడ్డకి పెట్టినాము గదా. కడుపున పుట్టినదానికి పెట్టలేమా?"

"పెడతావు. అది బడికి పోతే, ట్రైనింగుకు పోతే, ఈ బిడ్డని ఎవురు సూస్తారు? నువ్వా? నడుము వంగదు నీకి."

మర్నాడు పొద్దున అవ్వ కొంగు దోపుకుని, నా చెయ్యి పట్టుకుని కాంపౌండులో ఇల్లిల్లూ తిరిగింది. పేదపిల్లలు చదువుకోవడానికి వస్తే వారానికొక రోజు ఒక్కో ఇంట్లో అన్నం పెట్టే వారాలు ఆ రోజుల్లో అందరికీ తెలిసినవే. అవ్వ అడిగిన వారం వేరు. చదువుకునేది తల్లి, అన్నం పెట్టాల్సింది బిడ్డకు. మీ వాకిట్లో సోమవారం ఆడుకుంటుంది, మీ వాకిట్లో మంగళవారం తింటుంది, అంతే, అని అడిగింది. ముంతలు కూడా రెండు పెట్టమంది, ఒకటి ఆఫ్రికా ఆమెకు, ఒకటి చిన్నమ్మకు. కాదన్నవాళ్ళు లేరు. తమకే చాలని కాలంలో ఆ ఆడవాళ్ళు రెండో పిడికెడు ఎక్కడినుంచి తీశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తలుచుకుంటే వాళ్ళ చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఎదురింటికి ఆఖరున వెళ్ళాం. అత్త చేటలో రాగులు చెరుగుతూ తల ఎత్తలేదు. ఆమె వంతుకు శనివారం మిగిలిందని అవ్వ చెప్పింది. ఆదివారం ఎవరికిచ్చావని ఆమె అడిగింది. అది మా ఇంట్లోనే అంది అవ్వ.

"అది గూడా నాకే ఇయ్యి" అంది అత్త, చేట ఆపకుండా.

పుంగనూరు ఆయన చెప్పిన రోజుకు వచ్చాడు. చేతిలో చీర పొట్లం. తాత నేలచూపులు చూస్తూ సంగతంతా చెప్పాడు. ఆయన చెంబుడు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, కొంచెంసేపు ఎద్దులకేసి చూశాడు. "సదువుకోనీ మామా. బిడ్డని ఇడిసిపెట్టి రమ్మనేది నాకి గూడా మనసొప్పలేదు" అన్నాడు. చీర మాత్రం వెనక్కి తీసుకుపోనన్నాడు, బడికి కట్టుకోమన్నాడు. ఆ రోజుల్లో ఒక చీర సంపాదించడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకు ఆ మాట విలువ తెలుస్తుంది. తాత ఆయన్ను బండిలో ఊరు దాటిందాకా దిగబెట్టి వచ్చాడు.

ఎనిమిదో తరగతి పావడాల మధ్య ఒకే ఒక చీర మా చిన్నమ్మ. క్లాసు టీచరమ్మ ఆమె ఈడుదే. మొదటి వారమంతా ఆమెను ఎట్లా పిలవాలో తెలియక "మీరు చెప్పండి" అనేది. లెక్క తప్పితే బెంచీ ఎక్కి నిలబడాలన్నది ఆ క్లాసు నియమం. ఒకరోజు చిన్నమ్మ లెక్క తప్పింది. నువ్వు కూర్చోవచ్చులే అని టీచరమ్మ అంది. చిన్నమ్మ కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని బెంచీ ఎక్కి నిలబడింది. కిటికీలోంచి తొంగిచూసే మా చిన్నపిల్లల గుంపు కిసుక్కుమంది గానీ, లోపల ఒక్క పిల్లా నవ్వలేదు. మళ్ళీ ఆమె లెక్క తప్పినట్టు నేను వినలేదు. ఏడు తిరిగేసరికి పరీక్ష పాసైంది.

ట్రైనింగు స్కూలు కుప్పంలో రైలెక్కి వెళ్ళాల్సిన ఊళ్ళో ఉండేది. రెండేళ్ళ చదువు, అక్కడే ఉండాలి, బిడ్డల్ని రానివ్వరు. సెలవులకు అమ్మ దగ్గరికి పోయే నేను ఆమెతో బయలుదేరాను. బొగ్గుబస్సు. వెనక డబ్బాలో బొగ్గు రాజేస్తూ, ఎక్కడపడితే అక్కడ ఆపుతూ, మసి మొహాలతో పోవడం. పాప ఎదురింటి అత్త ఒళ్ళో నిద్రపోతుండగా బస్సెక్కింది చిన్నమ్మ. నిద్రలేపొద్దని తనే చెప్పింది. పుంగనూరులో బస్సు ఆగితే ఆ బంట్రోతు మామ తన పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, బొరుగుల పొట్లం కిటికీలోంచి అందించాడు. బాగా చదువుకొమ్మని చెప్పి, పిల్లలచేత దండం పెట్టించాడు. కుప్పం స్టేషనులో రైలు కదిలేటప్పుడు చిన్నమ్మ చేతులు తనకు తెలియకుండానే నడుం దగ్గర బిడ్డను ఎత్తుకున్నట్టు వంగి ఉన్నాయి. అది చూసి మా అమ్మ ఏడ్చింది.

మొదటి క్రిస్మసుకు చిన్నమ్మ వచ్చి నాలుగు రోజులుంది. ఆ తరువాత సెలవులకు రాలేదు. సెలవుల్లో అక్కడి వంటింట్లో పనిచేస్తే హాస్టలు ఖర్చు తగ్గిస్తామన్నారట. పాప ఇక్కడ వారాల మీద పెరిగింది. సోమవారం ఇంట్లో నడక గట్టిపడింది, బుధవారం ఇంట్లో మాటలు, గురువారం ఇంట్లో తిట్లు. ఏ ఇంట్లోనైనా చనువుగా పొయ్యిదాకా పోయి కూర్చునేది. కానీ పడుకునేది మాత్రం ఎదురింట్లోనే. శనాదివారాలు పోయి వారమంతా అక్కడికే చేరింది. ఆ అత్త నోరు ఎప్పుడు మెత్తబడిందో ఎవరూ గమనించలేదు.

చిన్నమ్మ టీచరై తిరిగొచ్చిన రోజు కాంపౌండంతా వాకిళ్ళలో ఉంది. తాతే బండి కట్టుకుని వెళ్ళి తీసుకొచ్చాడు. బండి దిగి ఆమె చేతులు చాచింది. పాప వెనక్కి పోయి ఎదురింటి అత్త కొంగు వెనక దాక్కుంది. అత్త దాన్ని ముందుకు తోసి, మీ అమ్మ వచ్చింది పో అంది. "మా అమ్మ ఈడ ఉండాది గదా" అంది పాప, ఆమె కాళ్ళు వాటేసుకుని.

దేనికోసం చదివిందో ఆ బిడ్డ పరాయిదైపోయింది. చిన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె నెమ్మదిగా మట్టిలో గొంతుక్కూర్చుంది. చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

"నీ పేరేమమ్మా?" అని అడిగింది, కొత్తగా బడికి వచ్చిన పిల్లను అడిగినట్టు.

పాప కొంగు చాటునుంచే చెప్పింది.

"నేను సోమల ఊరి పక్క పల్లెలో బడి పెడతాండాను. నా బడికి ఇంగా ఒక్కరు గూడా రాలేదు. నువ్వొస్తావా?"

పాప ఆలోచించింది. పలక ఇస్తావా అని బేరం పెట్టింది. ఇస్తానంది చిన్నమ్మ. అప్పుడు పాప వచ్చి ఆమె వేలు పట్టుకుంది.

రెండు రోజుల తర్వాత తాత బండిలో వాళ్ళిద్దరూ సోమల వెళ్ళారు. పాప గుడ్డలన్నీ ఉతికి మడతపెట్టి మూటకట్టి ఇచ్చింది ఎదురింటి అత్తే. బండి కదలకముందే, సంగటి మాడిపోతాందని లోపలికి పోయింది. ఆ రోజు వాళ్ళింట్లో పొయ్యి వెలిగించనే లేదని మా అవ్వ చెప్పింది.

ఆ పల్లెలో పాప తల్లిని చాలాకాలం "టీచరమ్మా" అనే పిలిచింది. అన్నం తింటూ టీచరమ్మే, పక్కలో పడుకుని టీచరమ్మే. చిన్నమ్మ దిద్దలేదు. బడిలో ఎన్ని తప్పులు దిద్దిందో, ఆ ఒక్కటీ దిద్దలేదు. వానలు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆమె బోర్డు మీద రాస్తుంటే వెనకనుంచి పాప "అమ్మా, నా బలపం విరిగిపోయినాది" అందట. పిల్లలవైపు తిరగడానికి తనకు చాలాసేపు పట్టిందని, ముసలితనంలో కూడా ఆ మాట చెప్పేటప్పుడు చిన్నమ్మ గోడవైపు తిరిగి చెప్పేది.

చిన్నమ్మ చదువుకు ఎంతమంది ఎన్ని పెట్టారో నేను చూశాను. పిండి పెట్టారు, చీర పెట్టారు, అన్నం పెట్టారు. ఆ పాప మాత్రం, అడిగేవాళ్ళు లేకుండానే, రెండేళ్ళు తన తల్లినే ఇచ్చింది.